నూకాలు మెడలో ఎర్రపట్టీ

ఎరుపే బుల్లీ, ఎర్రపట్టీయే. ముందర అది పైడమ్మ మెడలో ఉండేది. మీ తాత ఆ మందుల పరీక్షల కాడ బోన్లు కడిగేవాడు కదా, ఆ కోతుల సంగతులన్నీ ఇంటికొచ్చి నాతో చెప్పేవాడు. ఆయనుంటే ఇంకా బాగా చెప్పును. సరే, విను.

పక్కపక్కన రెండు ఇనప బోన్లు. ఒకదాంట్లో పైడమ్మ, పెద్ద కోతి. రెండోదాంట్లో నూకాలు. పట్టీ కట్టినకాణ్ణుంచి పైడమ్మకి రోజూ బత్తాయి తొనలు, అరటిపండు. నూకాలుకి అవే ఎండు మేత ఉండలు. సూదిపోట్లు మాత్రం ఇద్దరికీ సమానమే.

నూకాలుకి కడుపు మండిపోయింది.

"ఏం వదినా, కొత్త కోడలికి పెట్టినట్టు పెడతన్నారు నీకు?"

"నా మొహం చూస్తే ముద్దొస్తందేమోనే!"

"ఆ మొహానికా! నా మూతి నీ మూతికంటే ఎర్రగుంటది."

పైడమ్మ తిని కునుకేసింది. గోడ మీద బల్లి ఇదంతా ఇంటంది. ఎనక గదిలో బల్ల, కత్తులు చూసొచ్చిన బల్లి అది.

"ఓసి నూకాలా, జాతర పొట్టేలుకి పసుపు రాసి, ఏపమండలు కట్టి, కడుపు నిండా పెడతారు. దాన్ని చూసి ఏ మేకైనా కుళ్లుకుంటదా?"

"నువ్వలాగే అంటావులే. దాని పళ్లరసానికి ఈగలొస్తాయి, నీకు ఇందుభోజనం. నా ఉండల మీద ఒక్క ఈగైనా వాలదు. అందుకే దాని పక్షం!"

బల్లి టిక్కు టిక్కుమంది. బల్లి పలికితే సత్యం అంటాం మనం. నూకాలు అన్లేదు.

మర్నాడు ఎంత ప్రేమో! "వదినా, నీ మెడ నిండా పేలే. ఇలా ఆనుకో, చూస్తాను."

పేలు చూస్తంటే కోతికి లోకం పట్టదు. పైడమ్మ ఊచలకి ఆనుకుని కళ్లు మూసింది. నూకాలు ఎనక కొక్కెం ఊడదీసి, పట్టీ తన మెడకేసుకుని టక్కున నొక్కేసింది.

"దొంగదానా! పేలని చెప్పి..."

"నీ రోజులైపోయాయి వదినా. ఇంక నా పళ్ల వాసన పీల్చుకో."

సాయంత్రం మేతేసే పనోడొచ్చాడు. పైడమ్మకి ఉండలేశాడు. నూకాలు చెయ్యి చాపింది. పండు లేదు సరికదా, నీళ్ల గిన్నె కూడా తీసుకుపోయాడు.

"ఇదేం మర్యాదే బల్లీ?"

"ఎర్రపట్టీ ఉన్నదానికి పొద్దున్నే కోత. కడుపు ఖాళీగా ఉండాలంట."

"నా మొహం చూసి గుర్తుపట్టలేదా ఆడు?"

"మొహం ఎవరు చూస్తారే పిచ్చిదానా? ఆళ్లు చూసేది పట్టీనే."

నూకాలు గీక్కుంది, పీక్కుంది. మెడ ఎనకాల పేనైనా, కొక్కెమైనా పక్కోళ్ల చెయ్యి పడాల్సిందే. చూడకుండా నొక్కడమైతే నొక్కేసింది గానీ, ఊడదీయడం తనవల్ల కాలేదు.

"వదినా! వదినా, ఒక్కసారి నా మెడ చూడవే!"

"మళ్లీ పేలా? ఈసారేం పట్టుకుపోతావు, నా తోకా?"

"కాదొదినా, నీ కాళ్లట్టుకుంటాను, కోసేత్తారంటే..."

"నీ ఎర్రమూతికి చెప్పుకో." పైడమ్మ గోడకేసి తిరిగి పడుకుంది.

పక్కోళ్ల మెడలో ఉన్నదాని కోసం ఏడిచేముందు, అది కట్టిన చెయ్యి ఎవరిదో చూసుకోవాల బుల్లీ.

తెల్లారేసరికి నూకాలు లేదు.