ఆముదం చుక్క

ఇందుమతికి ముప్పై నాలుగేళ్లు. ఎవరింట్లో ఉన్నా అందరి భోజనాలూ అయ్యాక, నిలబడే తింటుంది.

ఆ సాయంత్రం కూడా వంటింటి గుమ్మానికి ఆనుకుని, చేతిలో పళ్లెంతోనే తన గురువును అడిగింది. ఆ గురువు వకుళాదేవి, కాకినాడలో ఆడపిల్లల బడిలో ఒకప్పటి డ్రిల్లు టీచరు. ఇందుమతి ఆ బడిలోనే ఆవిడ దగ్గర చదువుకుంది. రిటైరయ్యాక ఆవిడ ఇంట్లో, ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లు ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. ఈసారి వచ్చింది ఇందుమతి. అంతకు ముందుసారి వచ్చిందీ ఇందుమతే. మొగుడు కొడతాడు, ఈమె వస్తుంది. అతను ఫోను చేస్తాడు, ఈమె వెళ్తుంది. ఊళ్లో అతనికి మంచివాడని పేరు. ఊరిని కొట్టడు కాబట్టి ఆ పేరు న్యాయమే. ఈసారి మాత్రం ఈమె ముందుపళ్లు రెండు రాలాయి. ఆ మధ్యాహ్నం అతను ఫోను చేసి, పప్పులో ఉప్పెంత వెయ్యాలో తెలియక పస్తున్నానన్నాడు. పళ్ల మాట ఎత్తలేదు. ఈమె కూడా ఎత్తలేదు. ఫోను పెట్టేసి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"వెళ్లకూడదని నాకూ తెలుసు టీచరుగారూ. పిలిచేసరికి కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి. నా పుట్టుకే ఇంతంటారా?"

వకుళాదేవి ఇలాంటివాటికి వాదనతో జవాబు చెప్పడం ఎప్పుడో మానేశారు. పొద్దున పార్సిల్లో వచ్చిన చిన్న పెట్టె విప్పి, అందులోని యోయో, దారం పట్టి విసిరితే తిరిగి చేతిలోకి వచ్చే బిళ్లబొమ్మ, తీసి ఆమెకిచ్చారు. మణికట్టుకు మంచి కసరత్తని ఆవిడ బడిలో పిల్లలందరికీ యోయో నేర్పేవారు. ఆ సరదా ఇంకా పోలేదు. ఎలా ఉందో చూసి చెప్పమన్నారు.

ఇందుమతి చెయ్యి కడుక్కుని, దారం వేలికి తగిలించుకుని విసిరింది. బడిలోని చెక్క యోయోలా లేదు. లోహంతో చేసింది, చల్లగా, బరువుగా ఉంది. తిన్నగా దిగి, దారం చివర నిలిచి, చప్పుడన్నది లేకుండా తిరిగింది. ముచ్చటేసింది. అలవాటు కొద్దీ మణికట్టు ఎగరేసి లాగింది. అది రాలేదు. మళ్లీ లాగింది. దాని మానాన అది తిరిగి తిరిగి, ఓపిక అయిపోయాక ఆగి వేలాడింది.

పాడైపోయినదాన్ని మీకు అంటగట్టారంది ఇందుమతి.

వకుళాదేవి అందుకుని విసిరారు. చాలాసేపు తిరగనిచ్చి, రెండో చేతి వేలితో దారాన్ని మడిచి కిందికి అందించారు. అది చటుక్కున అరచేతిలోకి వచ్చింది. ఈ రకం ఇంతేనని, లాగితే రాదని, కావలసినవాళ్లే దాని దాకా వెళ్లి దారం అందించాలని చెప్పారు.

ఇందుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంతలా బతిమాలించుకునేదాన్ని ఎవరు ఉంచుకుంటారండీ?"

ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకురావడానికి పెరట్లోకి వెళ్లారు.

ఒకరింటి అన్నం తింటూ ఏమీ చెయ్యకుండా ఉండడం ఇందుమతి వల్ల కాదు. యోయోను మర తిప్పి రెండు బిళ్లలుగా విడదీసింది. మధ్యలో చిన్న బేరింగు పొడిగా మెరుస్తోంది. కుట్టుమిషను మొరాయిస్తే నూనె వేసినట్టు దీనికీ వేద్దామనుకుంది. మిషను నూనె కనబడలేదు. అలమరలో తలకు రాసుకునే ఆముదం ఉంది. చిక్కటి చుక్క ఒకటి జాగ్రత్తగా బేరింగులోకి దించి, మళ్లీ బిగించింది. విసిరి లాగితే వచ్చింది. మెల్లగా లాగినా వచ్చింది. నాలుగుసార్లు ఆడించేసరికి లాగకపోయినా, అడుగుకు చేరీ చేరకముందే వెనక్కి వచ్చేస్తోంది.

వచ్చిన దగ్గర్నుంచి ఆమె ముఖంలో అంత వెలుగు లేదు. బట్టలతో లోపలికి వచ్చిన గురువుకు ఎదురెళ్లి చూపించింది. "ఇప్పుడు చూడండి, ఎంత బుద్ధిగా వస్తోందో."

వకుళాదేవి బట్టలు మంచం మీద పడేసి, యోయో తీసుకుని విసిరారు. కింద నిలబెట్టాలని చూశారు. నిలబడలేదు. పిల్లలకు నేర్పిన ఒడుపులన్నీ వాడారు. అయినా జిడ్డోడుతూ అరచేతిలోకే వచ్చింది. ఆవిడ దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. చీకటి పడుతున్నా దీపం వెయ్యలేదు.

"తప్పు చేశానా టీచరుగారూ?"

"తప్పేముంది తల్లీ, ప్రేమగానే వేశావు. అందరూ అలాగే వేస్తారు." అరచేతి జిడ్డు కొంగుకు తుడుచుకున్నారు. "పెట్టెలోంచి తీసినప్పుడు మాత్రం అది అలా లేదు."

ఇందుమతి మర్నాడు మొదటి బస్సుకే మొగుడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తరవాత వకుళాదేవి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు.