నీళ్ల గంట

మా గురువు మస్తానయ్యగారికి ఒక అలవాటు ఉంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పడు. కిత్తనార చేతిలోకి తీసుకుని తాడు పేనుతూ కూచుంటాడు. తాడు మూరెడు సాగాక గాని నోరు తెరవడు. ఓపిక లేనివాళ్లు ఈలోపు లేచిపోతారు. పోయేవాళ్లు పోవటమే మంచిదని ఆయన ఉద్దేశం. నేను ఆరేళ్లుగా ఆయన ఇంటి అరుగు చివర కూచుంటున్నాను. ఈ ఆరేళ్లలో ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మొన్న ఒక సాయంత్రం, బడి వదిలిన వేళకు, ఒక చిన్న పంతులమ్మ బస్సు దిగి నేరుగా అరుగు దగ్గరకి వచ్చింది. పేరు సుభాషిణి. అప్పుడప్పుడూ వచ్చే పిల్లే. సంచీ, స్టీలు సీసా పక్కన పెట్టి, గురువుకు దణ్ణం పెట్టి, మడిచిన కాగితం ఒకటి తీసింది.

"స్వామీ, రేపు పదింటికల్లా ఇది నింపి ఇవ్వాలి. మీరు పనిచేసే చోటు మీకు తృప్తిగా ఉందా అని అడిగారు. చాలా తృప్తి అన్న దగ్గర్నుంచి అసలు లేదు అన్నదాకా అయిదు గళ్లున్నాయి. ఉన్నదాంతో తృప్తిపడమని మీరు చెబుతారు. లేదని రాస్తే మీ మాట దాటినట్టు. ఉందని రాస్తే అబద్ధం ఆడినట్టు. ఏ గడిలో టిక్కు పెట్టను?"

రైసుమిల్లు గుమాస్తా శేషయ్య నవ్వాడు. "దీనికి గురువెందుకమ్మాయ్? కళ్లు మూసుకుని వేలు పెట్టు, ఎక్కడ పడితే అక్కడ!" అన్నాడు. ఎక్కడ నవ్వాలో ఆ మనిషికి అరవై ఏళ్లొచ్చినా తెలియలేదు.

గురువు తాడు పేనుతూనే అడిగాడు. "ఏ బడి తల్లీ నీది?"

"మెట్టమీద బడి స్వామీ. ఈ జూన్‌లోనే వేశారు. ఇద్దరం ఉండాలి, నేనొక్కదాన్నే ఉన్నా."

ఆ మాటకు నేను తలెత్తి చూశాను. నేను వంటచేసిన బడి అది.

"మరుగుదొడ్డి తలుపు నీలం రంగే గదా?"

"ఇప్పుడు గులాబీ రంగేశారు స్వామీ."

"తాళం?"

"తాళం పాతదే."

తాడు మూరెడయింది. అప్పుడు ఆయన చెప్పింది ఇది. నాకు కూడబలుక్కుని రాయటమే వచ్చు గాని, విన్న మాటను మార్చే అలవాటు లేదు.

ఒక బళ్లో కోటేశ్వరి అని ఒక పంతులమ్మ ఉండేది. పొద్దున ఏడింటి బస్సుకు బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేసరికి ఆరయ్యేది. బడికి మరుగుదొడ్డి ఉంది. కట్టారు, రంగేశారు, ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు, తాళం వేశారు. పైన తొట్టి ఉంది గాని దానికి గొట్టం రాలేదు. పిల్లలు చిల్లచెట్ల చాటుకు పోయేవాళ్లు. పెద్ద మనిషి ఎట్లా పోతుంది? ఒకపక్క రోడ్డు, ఒకపక్క కంకర మిషను, దాని చుట్టూ మగవాళ్లు. ఊళ్లో ఆ వసతి ఉన్న ఇళ్లు అప్పటికి రెండే. ఒక ఇంటివాళ్లు వారంపాటు రానిచ్చారు, ఆ తర్వాత ఆమె ఇంటిపేరు అడిగి తలుపేసుకున్నారు. రెండో ఇంటి గడప ఆమె తొక్కలేదు. అందుకని కోటేశ్వరి పగలు నీళ్లు తాగటం మానేసింది. పొద్దున ఇంట్లో సీసా నింపుకునేది, బళ్లో బల్లమీద పెట్టుకునేది, సాయంత్రం నిండు సీసానే ఇంటికి మోసుకుపోయేది.

ఆ తలుపేసుకున్న ఇల్లు ఎవరిదో గురువు చెప్పలేదు. నేనూ రాయను. వాళ్ల పిల్ల పెళ్లికి బొట్టుపెట్టి పిలిచినా నేను పోలేదు, అంతవరకు చాలు.

ఇట్లా ఉండగా, పిల్లలు నీళ్లు సరిగ్గా తాగటం లేదని, రోజుకు మూడుసార్లు నీళ్ల గంట కొట్టమని పైనుంచి చెప్పారు. కోటేశ్వరి గంట కొట్టేది. పిల్లలు తాగేవాళ్లు. ఒకనాడు అన్నాలయ్యాక ఆడపిల్లలు వరండాలో బడి ఆట ఆడుతున్నారు. మూడో తరగతి తిరుపతమ్మ పంతులమ్మ అయింది. గంటకు బదులు రాయిమీద పుల్లతో కొట్టి, "నీళ్ల గంట! అందరూ తాగండి, మాట్లాడకుండా తాగండి!" అంది. తను మాత్రం సీసా ముందు పెట్టుకుని చేతులు కట్టుకు కూచుంది.

"నువ్వు తాగవే?" అంది ఇంకో పిల్ల.

"నేను టీచర్ని. టీచర్లు తాగరు."

"దప్పికవదా?"

"అవుద్ది. పెద్దయితే ఆడోళ్లు తాగకూడదు, అది కూడా తెలీదా మొద్దు మొహమా?"

ఆట అయిపోయినా ఆ పిల్ల తాగలేదు. అంతకు ముందు నెలలో రెండుసార్లు జ్వరమొచ్చి, మూత్రం మంటని ఏడ్చింది కూడా ఆ పిల్లే. ఇదంతా లోపలినుంచి కోటేశ్వరి విన్నది. మర్నాడు నీళ్ల గంట కొట్టి, పిల్లలందరి ముందూ నిలబడి సీసా మూత తీసి గటగటా తాగింది. తిరుపతమ్మ కళ్లు పెద్దవి చేసుకుని చూసింది, చూసి తనూ తాగింది. రోజుకు మూడుసార్లు గంట, మూడుసార్లు నీళ్లు. పిల్లలకోసం తాగేది. తాగి, సాయంత్రం ఆరింటిదాకా బిగపట్టుకు కూచునేది. పాఠం చెబుతూ చెబుతూ గోడ పట్టుకుని నిలబడిపోయేది.

అప్పుడు వచ్చింది ఈ కాగితమే. అసలు లేదన్న గడిలో టిక్కు పెడదామనుకుంది. కాని ఆమెకూ ఒక గురువున్నాడు. వచ్చి అడిగింది. తన బాధ ఇదీ అని అరుగుమీద నలుగురు మగవాళ్లముందు చెప్పలేక, బళ్లో కొన్ని ఇబ్బందులున్నాయి స్వామీ అని మాత్రం అంది. ఇబ్బంది ఏమిటని ఆ గురువు అడగలేదు. "బయట కొరత వెతికేవాడికి లోపల ఎప్పటికీ నిండదమ్మా, సర్దుకో" అన్నాడు. అరుగుమీద వాళ్లు ఆహా అన్నారు. ఆమె వెళ్లి మొదటి గడిలో టిక్కు పెట్టింది. మరుసటేడు, లేదని రాసిన రెండు బళ్లకు గొట్టాలొచ్చాయి. తృప్తిగా ఉన్న బడికి గొట్టమెందుకు? దీనికి మెచ్చుకోలు పత్రం వచ్చింది. దాన్ని గోడకు కొట్టారు.

మూడేళ్లు. మొదట చలిజ్వరం, తర్వాత నడుము పోటు, తర్వాత కాళ్లు మొహం వాపు. ఇప్పుడామె రెండు రోజులకోసారి పట్నం వెళ్లి మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకుంటుంది. దీనివల్లే వచ్చిందని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు. ఇంట్లో మంచానికి నాలుగడుగుల్లో మరుగుదొడ్డి గది, అందులో కుళాయి ఉన్నాయి. ఇప్పుడు ఆ గదితో ఆమెకు పెద్దగా పని లేదు. నీళ్లు రోజుకు రెండు గ్లాసులే ఇవ్వమన్నారు. కూతురు కొలిచి పోస్తుంది. దాహం దాహం అంటే నాలికమీద మంచుముక్క పెడుతుంది.

గురువు ఆగాడు. సుభాషిణి కాగితం ఒళ్లో పెట్టుకుని దానివైపు చూడకుండా కూచుంది.

శేషయ్యే అందుకున్నాడు. "గురువు చెప్పిన దాంట్లో తప్పేముంది స్వామీ? ఆయన ఆత్మ సంగతి చెప్పాడు. ఈవిడ ఒంటి సంగతనుకుంది. అర్థం చేసుకునే పాత్రత ఉండాలి."

ఆరేళ్ల తర్వాత ఆ అరుగుమీద నా నోరు లేచింది. "నోరు ముయ్యి శేషయ్యా. ఆ రోజు ఇక్కడ ఆహా అన్నవాళ్లలో ముందు అన్నది నువ్వు."

సుభాషిణి నావంక చూసింది, తర్వాత గురువు వంక చూసింది. ఆయన తల దించుకోలేదు.

"వెంగమ్మ చెప్పింది నిజం తల్లీ. ఆ పంతులమ్మను ఇక్కడికి వెంటబెట్టుకొచ్చింది కూడా తనే. గురువు దగ్గరికి రా, దారి చెబుతాడని తెచ్చింది."

అది కూడా నిజమే. ఆయన చెప్పాడు గనక రాస్తున్నాను. నాకు నాలుగక్షరాలు దిద్దబెట్టింది కోటేశ్వరమ్మే.

"ఇంకొకటి కూడా విను," అన్నాడు గురువు. "తృప్తిపడమని చెప్పినవాడి పెరట్లో గది ఉంది. తొట్టినిండా నీళ్లున్నాయి. ఆ మాట చెప్పేటప్పుడు వాడికి అది గుర్తు రాలేదు."

సుభాషిణి కాగితం చేతిలోకి తీసుకుని, "అయితే లేదనే రాస్తాను స్వామీ," అంది. "రాస్తే ఇంకా దూరం పారేస్తారని మావాళ్లు భయపెడుతున్నారు. అయినా రాస్తాను. గొట్టమైనా వస్తుంది గదా?"

"ఆ రెండు బళ్లకు వచ్చాయి. ఆ గొట్టాల్లోకి నీళ్లు ఇంకా రాలేదు."

ఆ పిల్ల మొహం చూడలేక నేను అవతలికి తిరిగాను. ఈసారి శేషయ్య కూడా నవ్వలేదు. గురువు పేనుతున్న తాడు కిందపెట్టి, సంచీ పక్కనున్న స్టీలు సీసా చేత్తో పైకెత్తి చూశాడు. బరువుగా ఉంది.

"పొద్దున నింపిందేనా?"

సుభాషిణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆయన సీసాను మెల్లగా ఆమె ముందు పెట్టాడు. "కాగితం సంగతి తర్వాత చూద్దాం. ముందు పెరట్లోకి వెళ్లిరా తల్లీ. తలుపుకు లోపలివైపు గడియ ఉంది."