గిన్నె మాత్రమే చూసిన అమ్మమ్మ

తుని దగ్గర ఒక చిన్న ఊళ్లో ఆదెమ్మ అనే ఆవిడ ఉండేది. మనసు వెన్నే గానీ, ఎవరికి అన్నం పెట్టినా వాళ్ల మొహం చూసేది కాదు, గిన్నె ఖాళీ అయిందా లేదా అని మాత్రమే చూసేది. ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్లినవాళ్లు విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్లు. అయినా ఆ చేతుల సందులోంచే వడ్డించేది, మహాతల్లి! పెద్దవాళ్లయితే దణ్ణం పెట్టి లేచిపోతారు. పాపం, పసివాడు ఎక్కడికి పోతాడు?

ఆ పసివాడు ఆదెమ్మ మనవడే. కూతురు నూకరత్నం పురిటికి పుట్టింటికి వచ్చింది. అల్లుడు తాపీ పనికి ఊరూరా తిరుగుతుండడంతో ఇంకా అక్కడే ఉంది. పిల్లాడికి ఆరు నెలలు నిండాయి. తల్లిపాలు తాగుతూ చక్కగా ఎదుగుతున్నాడు. అంగన్‌వాడీ టీచరు తూచి చూసి, "బాగున్నాడు. పాలు ఇస్తూనే, మెత్తగా ఉడికించిన అన్నం పప్పు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యండి" అంది.

ఆ 'కొంచెం కొంచెంగా' అన్న మాట ఆదెమ్మ చెవికి ఎక్కలేదు. పక్కింటి చిట్టెమ్మ మనవడు బూరెల్లాంటి బుగ్గలతో వీధంతా పాకుతున్నాడాయె. పైగా అమ్మవారి జాతరకి వియ్యపురాలు బంగారమ్మ వస్తున్నానని కబురు చేసింది.

"ఆవిడొచ్చి పిల్లాడు పీలగా ఉన్నాడంటే నా తలెక్కడ పెట్టుకోవాలే?" అంది ఆదెమ్మ.

ఇక మొదలైంది. ఆవిడ గోడకి చేరగిలబడి కాళ్లు చాపేది. పిల్లాణ్ని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు రెండూ అదిమిపట్టి, నోట్లో ఉగ్గు పోసేది. వాడు తల అటు తిప్పితే ఇటు తిప్పేది. నోరు బిగిస్తే ముక్కు మూసేది. ఊపిరి కోసం నోరు తెరవగానే ఇంత పోసేది. వాడికి పొలమారి మొహం కందిపోయేది.

"వద్దంటున్నాడమ్మా! చాల్లే" అనేది నూకరత్నం.

"నిన్నూ ఇలాగే పెంచాను. నిక్షేపంలా లేవూ?" అనేది ఆదెమ్మ, గిన్నె అడుగు గీకుతూ.

కొన్నాళ్లకి పిల్లాడు ఆ గిన్నె చూస్తేనే గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. ఒళ్లో పడుకోబెడితే చాలు, మళ్లీ ఉగ్గే అనుకుని తల్లిపాలకి కూడా నోరు తెరవడం మానేశాడు. వాడి నవ్వు పోయింది, బుగ్గలు జారిపోయాయి. టీచరు మళ్లీ తూచి, బరువు తగ్గాడని కంగారుపడి ఆసుపత్రికి పంపింది. డాక్టరమ్మ అన్నీ చూసి, "జబ్బేమీ లేదు. తిండి చాలక నీరసించాడు. ఇలాగే ఉంటే కష్టం" అంది. నూకరత్నం దారిపొడుగునా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆదెమ్మ ఏమనుకుంది? జబ్బు లేదుగా, ఇంకో గిన్నె పడితే సరి అనుకుంది! ఆ హడావిడిలో ఉడుకుతున్న ఉగ్గు గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకుంది.

దాంతో, రోజూ ఆదెమ్మే చూసుకునే ఇంటి గేదె పాలు పితికే పని ఆ సాయంత్రం నూకరత్నం మీద పడింది. లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు. నూకరత్నం దూడని సరిగ్గా కుడవనివ్వకుండానే లాగేసి, గబగబా పితకబోయింది. గేదె పాలు బిగబట్టి, చెంబు ఎగిరిపడేలా తన్నింది.

ఆదెమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓసి నీ తొందర మండా! అదేమైనా కుళాయి అనుకున్నావా? ముందు దూడని వదలాలి. మెడ నిమరాలి. దాని చెవులు చూడు, కళ్లు చూడు. దానికి మనసైతేనే పాలు దిగుతాయి. బలవంతం చేస్తే నోరులేని జీవం ఏం చేస్తుంది, బిగుసుకుపోతుంది!"

నూకరత్నం చెంబు కింద పెట్టి తల్లి వంక చూసింది.

"గేదె మొహం ఇంత బాగా చూస్తావు కదమ్మా, నా బిడ్డ మొహం ఒక్కసారైనా చూశావా?"

ఆదెమ్మ మెల్లగా లోపలికి వెళ్లి ఉయ్యాల పక్కన కూర్చుంది. పిల్లాడు ఆవిణ్ని చూసి పెదాలు బిగించి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆదెమ్మకి దుఃఖం ఆగలేదు. "నన్ను చూసి భయపడుతున్నావా నాయనా!" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

మర్నాటి నుంచి కాళ్లు చాపడం మానేసింది. నూకరత్నం కూడా పిల్లాణ్ని పడుకోబెట్టకుండా, గుండెకి నిటారుగా ఆనించుకుని పాలిచ్చింది. ముందు అవి తాగాడు. తర్వాత తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, ఆదెమ్మ ఎదురుగా కూర్చుని మెత్తటి అన్నం వేలి కొసన చూపించి ఊరుకునేది. వాడు మొహం తిప్పితే గిన్నె పక్కన పెట్టేసి కబుర్లు చెప్పేది. రోజులు పట్టింది. ఒకరోజు వాడే ముందుకి వంగి, అమ్మమ్మ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆదెమ్మ కదిలితే ఎక్కడ వదిలేస్తాడో అని అలాగే కూర్చుండిపోయింది.

జాతర నాటికి పిల్లాడు తేరుకుంటున్నాడు గానీ, బూరె బుగ్గలు మాత్రం రాలేదు. బంగారమ్మ వచ్చి కూర్చుంది. పిల్లాడు సగం తిని తల తిప్పేశాడు.

"అదేంటి వదినా, ఇంకా సగం ఉండిపోయింది? అసలే పీలగా ఉన్నాడు. పట్టు, నేను చేతులు పట్టుకుంటాను" అంది బంగారమ్మ.

ఇన్నాళ్లూ ఏ మాటకి భయపడిందో ఆ మాట రానే వచ్చింది. ఆదెమ్మ గిన్నె తీసి పక్కన పెట్టేసింది.

"చాలని చెప్పాడు వదినా. పీలగా ఉన్నాడని నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. వాడి నోరు మాత్రం బలవంతంగా తెరవను."

పిల్లాడు బోసినోటితో నవ్వి, రెండు చేతులూ అమ్మమ్మ వైపు చాపాడు. వాడి చేతులు పట్టుకోబోయిన బంగారమ్మ తన చేతులు వెనక్కి తీసుకుంది.

నీతి: పసివాడికి మాటలు రాకపోయినా ఆకలీ, చాలన్న సంగతీ వాడి మొహమే చెబుతుంది, గిన్నెని కాక ఆ మొహాన్ని చూసి పెట్టిన తిండే బిడ్డ ఒంటికి పడుతుంది.