గవరమ్మ ఊ

మీ తాతకి తాత పుట్టకముందు, ఆ తాతకి కథలు చెప్పిన అవ్వ కూడా పుట్టకముందు, వెదుళ్లకోట అని ఒక రాజ్యం ఉండేది.

కోట గుమ్మం పక్కన ఒక పాక. అందులో ముసలి సిపాయిలు ఉండేవారు. ఒకరికి కాలు లేదు, ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి చూపు లేదు. కూటికి మాత్రం లోటు లేదు, గింజలు కోటలోంచే వచ్చేవి. లోటల్లా ఒకటే. వాళ్ల కబుర్లు వినే నాథుడు లేడు. ఒంటికాలి దాలినాయుడు "ఆ రోజు ఏనుగు ఎదురొచ్చిందా..." అని మొదలెట్టగానే పిల్లలు పరుగో పరుగు. పెద్దవాళ్లకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. గుమ్మంలో కుక్క కూడా లేచి చక్కా పోయేది.

ఆ ఊళ్లోనే గవరమ్మ అని నడివయసు దాటిన ఒక మేదర మనిషి. వెనకా ముందూ ఎవరూ లేరు. వెదురు తట్టలు అల్లుకుని బతికేది. ఒక మధ్యాహ్నం ఎండకి తాళలేక పాక నీడలో కూర్చుంది. దాలినాయుడు ఊరుకుంటాడా? ఏనుగుని తోలుకొచ్చాడు. తట్ట సగంలో ఉంది, లేవడానికి లేదు. పాపం, "ఊ" అంది.

అంతే! చెయ్యి అల్లుతోంది, నోరు ఊ అంటోంది. మర్నాడూ వచ్చింది. చెయ్యి అల్లుతోంది, నోరు ఊ అంటోంది. ఆ ఊ కూడా ఒకటి కాదు. ఏనుగు వస్తే ఒక ఊ, తోటివాడు కూలితే ఒక ఊ, కోట గెలిస్తే ఒక ఊ. ముసలివాళ్ల మొహాలు కళకళలాడిపోయాయి.

ఇలా ఉండగా రాజుగారు దండోరా వేయించారు. ముసలి సిపాయిలకి సేవ చేసినవారికి నిండు సభలో వెండి కడియం తొడుగుతామన్నారు.

చెయ్యి లేనాయన దివాన్‌గారి దగ్గరికి పరిగెత్తాడు. "మా గవరమ్మకి ఇయ్యండి బాబూ!"

"మీకు వండి పెడుతుందా?"

"నేదు బాబూ. ఊ కొడతాది."

దివాన్‌గారు నవ్వి పంపేశారు. చూపు లేనాయన వెళ్లాడు.

"గాయాలకి మందు కడుతుందా?"

"నేదు బాబూ. ఊ కొడతాది."

దివాన్‌గారు కసిరి పంపేశారు. మూడోసారి దాలినాయుడు కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లాడు. "ఇయ్యకపోతే మానెయ్యండి బాబూ. రేపట్నించి మా కబుర్లు తమకే సెప్పుకుంటాం. రోజూ వస్తాం."

దివాన్‌గారు ఏనుగు కథ ఇదివరకే ఒకసారి విన్నారు. మారు మాటాడకుండా ఒప్పుకున్నారు. కానీ గవరమ్మని పిలిచి కళ్లెర్రజేశారు. "రాజుగారు మాట్లాడుతుంటే చిత్తం అనాలి. ఇంకో మాట నోట్లోంచి వచ్చిందా, కడియమూ లేదు, ఆ పాక గడప తొక్కడమూ లేదు!"

గవరమ్మకి పాక బెంగే పట్టుకుంది. కడియం పోతే పోయింది, పాక పోతే ఎలా? ఆ ముసలివాళ్లు తప్ప తనకి మాత్రం ఎవరున్నారు? దారి పొడుగునా చిత్తం, చిత్తం అని వల్లె వేసుకుంటూ వెళ్లింది.

సభ నిండింది. "సిపాయిలే మా కోటకి గోడలు," అన్నారు రాజుగారు.

"సిత్తం."

"వారిని చూసుకున్నవారు మాకు ఆప్తులు."

"సిత్తం."

అప్పుడు రాజుగారి చూపు ఓ పక్కన నిలబడ్డ ముసలి సిపాయిల మీద పడింది. గొంతు మారింది. "మేమూ ఒకప్పుడు యుద్ధానికి వెళ్లాం..."

"ఊ," అంది గవరమ్మ.

సభంతా కొయ్యబారిపోయింది. గవరమ్మ నాలిక కరుచుకుంది. పాక పోయినట్టేనని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏమన్నావు?" అన్నారు రాజుగారు.

"తప్పయిపోనాది మారాజా. అలవాటు..."

"మళ్లీ అను."

"ఊ."

రాజుగారు సింహాసనం దిగి మెట్టు మీద కూర్చున్నారు. "అప్పటికి మాకింకా మీసం రాలేదు. బాణాలు పడుతుంటే చచ్చిన గుర్రం చాటున దాక్కుని ఏడ్చాం."

"ఊ."

"ఒక సిపాయి మమ్మల్ని భుజాన వేసుకుని గుడారంలో దింపాడు. మళ్లీ యుద్ధంలోకి వెళ్లాడు. తిరిగి రాలేదు. వాడి పేరైనా అడగలేదు మేము."

"ఊ..." అంది గవరమ్మ, మెల్లగా.

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఏం చెప్పినా చిత్తం అనేవాళ్లే కదా, ఎవరికి చెప్పుకుంటాం?" రాజుగారు కళ్లు తుడుచుకుని కడియం స్వయంగా తొడిగారు. ఇకమీదట గవరమ్మ ఎవరికీ చిత్తం అనక్కర్లేదని శాసనం చేశారు.

ఆ తర్వాత రాజుగారు కూడా పాకకి వచ్చేవారు. "ముందు ఏనుగు అయిపోవాల, తరవాతే తమరు," అనేవాడు దాలినాయుడు. రాజుగారు బుద్ధిగా కూర్చునేవారు. చెయ్యి అల్లుతోంది, నోరు ఊ అంటోంది.

నిండుగా బతికి, ఒకనాడు గవరమ్మ కన్నుమూసింది. ఆ వారమే సరిహద్దు నుంచి చెయ్యి తెగిన కుర్ర సిపాయి ఒకడు పాకకి వచ్చాడు. మూల కూర్చున్నాడు. ఎవరి వంకా చూడడు, పెదవి విప్పడు. పాకలో ఊ కొట్టేవాళ్లు లేరు. జన్మలో ఎదుటివాడి మాట వినని దాలినాయుడు కర్ర పక్కన పెట్టి, వాడి దగ్గరికి జరిగి, "ఊ," అన్నాడు. వాడు ఏడ్చాడు. తర్వాత చెప్పాడు.

ఈనాటికీ ఆ ప్రాంతంలో సిపాయి ఇల్లు చేరితే, కాళ్లకి నీళ్లిచ్చి, చాప వేసి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారట. వాళ్లలో పెద్దావిడ ముందుగా ఊ అంటుంది. దాన్ని గవరమ్మ ఊ అంటారు. అతను ఆ రోజే చెప్పొచ్చు, పదేళ్లకి చెప్పొచ్చు, ఎప్పటికీ చెప్పకపోవచ్చు. వాళ్లు మాత్రం ఊ ముందే అనేస్తారు.