మేనకోడలికి గెడ్డ చప్పుడు

తెలివైన వాళ్ళని చూడాలని ఎవరికైనా ముచ్చటగా ఉంటే మా ఊరు రండి. గెడ్డ ఒడ్డున మొదటి ఇల్లే. పొట్నూరి వారిది. గౌరునాయుడు, పోలినాయుడు, తవిటినాయుడు అని ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడి పెళ్ళాం చినతల్లి. ఆ ఇంట్లో తెలివికి ఏనాడూ కరువు రాలేదు. వాడితే కదా అయిపోవడానికి.

"మాకు ఒక్క మాట చెప్తే చాలు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అని గౌరునాయుడు అరుగు మీద కూర్చుని దారినపోయే ప్రతివాడికీ చెప్తాడు. నిజమే. మా భయమూ అదే. వడియాలు ఆరబోసి, కాకులు రాకుండా చూడమని చినతల్లి ఓ రోజు పోలినాయుణ్ణి కూర్చోబెట్టింది. మేక వచ్చి చాప ఖాళీ చేసి పోయింది. "కాకి ఒక్కటి కూడా వాల్లేదు వదినా" అని ఇతగాడు మురిసిపోతూ చెప్పాడు.

వీళ్ళకి ఒక్కతే చెల్లెలు, సూరీడమ్మ. పురిటికి పుట్టింటికి వచ్చి, ఆడపిల్లని కని, పిల్లకి మెడ నిలబడ్డాక విశాఖపట్నం అత్తారింటికి వెళ్ళింది. ఇక్కడున్నన్నాళ్ళూ పిల్ల పెరటి వసారాలో ఉయ్యాల్లో వేస్తే చాలు, హాయిగా నిద్రపోయేది. పక్కనే గెడ్డ పారుతూ ఉంటుంది కదా, ఆ చప్పుడుకి అలవాటు పడిందన్నారు. అక్కడ నాలుగో అంతస్తులో గెడ్డ ఎక్కడిది? పిల్ల నిద్రపోదు, తల్లిని పోనివ్వదు. జోలపాటలు అయ్యాయి, దిష్టి తియ్యడాలు అయ్యాయి, డాక్టరూ అయ్యాడు. ఆఖరికి ఓ రోజు సూరీడమ్మ పిల్లని ఎత్తుకుని మెట్లు దిగుతూ కునుకు తీసింది. మొగుడు వెనకే ఉండి జబ్బ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆ సంగతి ఫోనులో విని చినతల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముగ్గురు మగాళ్ళూ ఏడ్చారు. వెధవలే గానీ, చెల్లెలంటే ప్రాణం వాళ్ళకి. నేను కాదనను.

గెడ్డ చప్పుడు ఫోనులోనే పట్టి పంపొచ్చు కదా అంటారేమో. పంపారు. అది అప్పడాలు వేగుతున్నట్టు వినిపించి పిల్ల ఇంకో రెండు స్థాయిలు పైకి ఎత్తుకుంది. అప్పుడు సూరీడమ్మ మొగుడు, వీళ్ళ బావ, తన స్నేహితుడు శేషుని పంపాడు. అడవులూ కొండలూ తిరిగి పిట్టల కూతలు, వాన చప్పుళ్ళు రికార్డు చేసుకునే మనిషి. పొద్దున్నే జీపులో దిగాడు. ఒక పెట్టె, దానికి రెండు సన్నటి మైకులు, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు.

ఆయన్నే చేసుకోనిస్తే పావుగంటలో అయిపోయేది. గౌరునాయుడు అడ్డం పడ్డాడు.

"మేనకోడలికి ఏది పెట్టినా మేనమామ చేత్తో పెట్టాలి బాబూ. మొలతాడు మేమే కట్టాం, ఉయ్యాల మేమే కొన్నాం. చప్పుడు కూడా మేమే పట్టాలి. ఎలగో చెప్పండి చాలు."

శేషు మంచివాడు. పైగా మా ఊరికి కొత్త. ఓపిగ్గా చెప్పాడు. "రెండు మైకులు ఎందుకంటే, మనకి రెండు చెవులు లేవూ? అలాగే. నీళ్ళు ఎడమ నుంచి కుడికి పారుతున్నట్టే పిల్లకి వినిపిస్తుంది. రెంటి మధ్యా మూరెడు ఎడం ఉండాలి. ఇవి అన్ని వైపుల నుంచీ వింటాయి. వీటికి ముందు, వెనక అని లేవు. మనిషి ఊపిరి కూడా పట్టేస్తాయి, జాగ్రత్త. గాలి తగలకూడదు, ఇదిగో ఈ బొచ్చు తొడుగులు వెయ్యండి. తడవకూడదు. చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉంటే రికార్డు అంత అద్దంలా వస్తుంది." ఇంత చెప్పి, సాయంత్రం వస్తానని తన రెండో పెట్టె తీసుకుని పిట్టల కోసం కొండెక్కాడు.

ఇంకేముంది. పెత్తనం వీళ్ళ చేతికొచ్చింది.

"గాలి తగలకూడదన్నాడు" అన్నాడు గౌరునాయుడు, బొచ్చు తొడుగు అటూ ఇటూ తిప్పి చూసి. "దీన్లోంచి గాలి దూరదా? నా బనీన్లోంచే దూరుతుంది. పెద్ద చదువులు చదివాడు గానీ ఇది తట్టలేదు పాపం." చినతల్లి ధాన్యం కుండ తెచ్చింది. మైకులు రెండూ కుండలో పెట్టి, మూకుడు బోర్లించి, తడి మట్టితో మెత్తారు. గెడ్డ ఒడ్డున కుండ పెట్టి చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తీసి విన్నారు. ఏమీ లేదు.

"కుండ చప్పుడు మాత్రం బాగా వచ్చింది" అన్నాడు తవిటినాయుడు.

సరే, కుండ వద్దనుకున్నారు. గాలి తగలకుండా చినతల్లి దుప్పటి పట్టుకుని నిలబడింది. ఇక మూర. మూరంటే మోచేతి నుంచి వేలి కొస దాకా కదా, ఆ చెయ్యి లేకుండా మూర ఎలా ఉంటుందని తవిటినాయుడు బోర్లా పడుకుని, రెండు మైకుల మధ్యా చెయ్యి చాపాడు. ఎడం కుదిరింది. మరి ఊపిరి? పట్టేస్తాయన్నాడుగా. వీడు ఊపిరి బిగబట్టాడు.

ఇంతలో పోలినాయుడికి అనుమానం వచ్చింది. "అన్నయ్యా, నీరు ఎడమ నుంచి వస్తోంది. చప్పుడంతా ముందు ఎడమ మైకు వినేస్తుంది. కుడి దానికి ఎంగిలి చప్పుడేగా మిగిలేది?"

గౌరునాయుడు తల పంకించాడు. "పిల్లకి ఎంగిలిది పెడతామేటి?"

కాసేపు దీన్ని ముందు విననిచ్చి, తర్వాత అటుదిటు మార్చాలని తీర్మానం చేశారు. ఎంతసేపటికి మార్చాలన్న దగ్గర తగాదా వచ్చింది. ఆ తగాదా తెమిలే దాకా తవిటినాయుడు ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు. మొహం ఎర్రబడి, తర్వాత నల్లబడి, అంతే, డబుక్కున గెడ్డలో పడ్డాడు. పడుతూ పడుతూ రెండు మైకులూ పట్టుకుని చేతులు పైకెత్తాడు. మైకులు తడవకూడదని శేషు చెప్పాడు. తవిటినాయుడు మునగకూడదని చెప్పలేదు. జుట్టు పట్టి లాగితే బయటికొచ్చాడు.

ఆరబెట్టుకుని మళ్ళీ మొదలెట్టారు. ఈసారి నిశ్శబ్దం మీద పడ్డారు. కోళ్ళని గంపల కింద కమ్మారు. ఆవు మెడలో గంటకి గడ్డి కుక్కారు. కుక్క మూతికి తువ్వాలు కట్టారు. మా ఇంటికి కూడా వచ్చారు. మా ఆయనకి దగ్గు. "కాసేపు దగ్గకు మావా, పిల్లకి నిద్ర పట్టాల" అన్నాడు పోలినాయుడు. సూరీడమ్మ మా చేతుల్లో పెరిగిన పిల్ల, కాదనలేం. మా ఆయన గట్టు దాటి వెళ్ళి, పక్కూళ్ళో దగ్గి వచ్చాడు.

ఊరంతా చప్పుడు చెయ్యడం మానేసింది. గౌరునాయుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. మొహం చిట్లించాడు.

"ఇంకా ఏదో ఉంది. గలగలా అని ఒకటే గోల. ఆగట్లేదు."

"నీ కడుపేమో అన్నయ్యా."

"నా కడుపు గుర్రుమంటుంది. గలగలమనదు."

పోలినాయుడు అందరి కడుపులకీ చెవి ఆనించి చూశాడు. ఆవు కడుపుకి కూడా ఆనించాడు. కాదు. హెడ్‌ఫోన్లు చేతులు మారాయి. ముగ్గురూ విన్నారు, ఉందన్నారు. ఎక్కణ్ణుంచి వస్తోందని నాలుగు వైపులా చూశారు. చూసి చూసి, ముగ్గురూ కిందకి చూశారు.

"దొంగ దొరికింది" అన్నాడు గౌరునాయుడు. "ఈ గెడ్డే. ఇది ఇలగ వాగుతుంటే మనం గెడ్డ చప్పుడు ఎలగ పడతాం?"

అంతే. గోనెసంచుల్లో ఇసక నింపారు, అరటి బోదెలు నరికారు, గడ్డి కూరారు. ఇంటికి ఎగువన గెడ్డకి అడ్డంగా కట్టేశారు. ఏ పనికీ వంగని నడుములు ఆ పూట ఎలా వంగాయో. గెడ్డ సన్నబడింది, చుక్కలు చుక్కలైంది, నోరు మూసుకుంది. గౌరునాయుడు మళ్ళీ విన్నాడు. ఆనందంతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అద్దం" అన్నాడు. ఎర్ర బొత్తం నొక్కాడు.

ఇక ఎక్కడ నిలబడాలి? తవిటినాయుడు ఆలోచించి చెప్పాడు. "మైకులకి వెనక లేదన్నాడు. లేని చోట మనం నిలబడలేం. అంటే ఎక్కడున్నా ఒకటే." ఆ మాట నచ్చి, మైకుల చుట్టూ చతికిలబడ్డారు. కట్ట కట్టాలన్న ఆలోచన ముందు ఎవరిదన్న దాని మీద వాదన వేసుకున్నారు. నాదంటే నాది. నువ్వు చేసిందేటి, నేను లేకపోతే నీ బతుకేటి.

కట్టేసిన నీరు ఊరుకుంటుందా? పక్కకి తిరిగి నేరుగా వీళ్ళ పెరట్లోకి, అక్కణ్ణుంచి వంటింట్లోకి నడిచింది. చినతల్లి మోకాళ్ళ లోతు నీళ్ళలో, తేలిపోతున్న గిన్నెల వెనక పరిగెడుతూ ముగ్గురికీ పేరుపేరునా శాపనార్థాలు పెట్టింది. దిగువన మా మడికి నీరు ఆగిపోయింది. నేను పార పట్టుకుని వచ్చాను. నా నోరు మంచిదని నేనెప్పుడూ చెప్పుకోలేదు, ఆ పూట అసలే చెప్పుకోను. వాళ్ళ తాతముత్తాతల దాకా వెళ్ళి వచ్చి, ఆ కట్ట నా చేత్తోనే తెగ్గొట్టాను. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

సాయంత్రం శేషు దిగేసరికి నలుగురూ కొత్త బట్టలు కట్టుకుని వాకిట్లో ఉన్నారు. "అద్దంలా వచ్చింది బాబూ" అన్నారు. చీకటి పడకుండా బయల్దేరాలని ఆయన వినకుండానే నమ్మి నలుగురినీ జీపెక్కించుకున్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా. ఆ తర్వాత జరిగింది చినతల్లి నాకు చెప్పింది.

మర్నాడు పొద్దున విశాఖపట్నంలో ఉయ్యాలకి చెరో పక్కా చెరో స్పీకరు పెట్టారు. పిల్ల అప్పటికే ఇల్లు ఎగరగొడుతోంది. సూరీడమ్మ కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. శేషు బొత్తం నొక్కాడు. ముందు నిశ్శబ్దం. తర్వాత ఎడమ పక్క నుంచి పోలినాయుడు, "నువ్వు చేసిందేటి" అన్నాడు. కుడి పక్క నుంచి గౌరునాయుడు, "నేను లేకపోతే నీ బతుకేటి" అన్నాడు. వెనక ఎక్కడో గిన్నెలు, చినతల్లి శాపనార్థాలు. ఆ పైన నేను. నా తిట్లు ఎడమ నుంచి కుడికి చక్కగా పారాయట.

శేషు తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. బావ కిటికీలోంచి బయటికి చూశాడు. సూరీడమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎవరూ పిల్లని చూడలేదు.

పిల్ల ఏడుపు ఆపేసింది. పోలినాయుడి గొంతు వస్తే అటు తిరిగింది, చినతల్లి గొంతు వస్తే ఇటు తిరిగింది. వేలు నోట్లో పెట్టుకుంది. రెప్పలు బరువెక్కాయి. నేను తాతముత్తాతల దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఇన్నాళ్ళూ అది గెడ్డ చప్పుడుకి నిద్రపోయిందని ఎవరన్నారో గానీ, పిల్ల నిద్రపోయింది పొట్నూరి వారింటి గోలకి.

"ఇదా నీకు కావలసింది, నా తల్లీ" అని సూరీడమ్మ పిల్ల పాదం పట్టుకుని బొటబొటా కన్నీళ్ళు కార్చింది. బావ పెట్టెని మళ్ళీ మళ్ళీ అదే పాడేటట్టు పెట్టించాడు. సూరీడమ్మ ఉయ్యాల పక్కనే చాప మీద వాలింది. చాలా రోజుల తర్వాత తల కింద దిండు పెట్టుకుంది. కళ్ళు మూతలు పడుతుండగా, "అన్నయ్యా, కాస్త కనిపెట్టుకుని ఉండు. ఏ చిన్న చప్పుడూ అవ్వకూడదు. పిల్ల లేస్తుంది" అంది.

"నువ్వు పడుకో అమ్మా. మాకు చెప్తే చాలు" అన్నాడు గౌరునాయుడు.

చెప్పింది చెప్పినట్టు చేశారు. పంకా కిర్రుమంటోందని ఆపేశారు. కుళాయి చుక్కలు కారుతోందని గుడ్డ కట్టారు. గోడ గడియారం దించి బీరువాలో బట్టల మధ్య పెట్టారు. బావనీ శేషునీ, చినతల్లినీ చెప్పులు చేత పట్టించి మెట్ల మీదకి పంపేశారు. ముగ్గురూ కాలివేళ్ళ మీద నిలబడి, ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు.

గౌరునాయుడు మొహం చిట్లించాడు.

"ఇంకా ఏదో గోల వస్తోంది" అని గుసగుసలాడాడు. "ఎవరో తగువాడుకుంటున్నారు. పిల్ల పడుకుందన్న జ్ఞానం లేదు వెధవలకి."

పోలినాయుడు వంటింట్లో వెతికాడు, తవిటినాయుడు మంచం కింద వెతికాడు. వెతికి వెతికి, ముగ్గురూ ఉయ్యాల దగ్గరికి వచ్చి, పక్కనున్న పెట్టె వంక చూశారు.

"దొంగ దొరికింది" అన్నాడు గౌరునాయుడు. మెల్లిగా, చిన్న చప్పుడైనా కాకుండా, తీగ పీకేశాడు.

ఇల్లంతా అద్దమైపోయింది. తమ్ముళ్ళ వంక గర్వంగా చూసి ఏదో అనబోయాడు. ఆ లోపు పిల్ల అందుకుంది.