ఎలుగుకి సారె

అచ్యుతయ్య గురువుగారికి దేనికీ నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఉద్దానంలో కొబ్బరి పీచుతో తాళ్లు పేనుతూ, ఆ పేనడంలోనే తత్వం చెప్పుకునే సంసారి ఆయన. ఎవరైనా ప్రశ్న వేస్తే చేతిలో పీచు పక్కన పెట్టి ఏదో ఒక పని పురమాయించేవాడు. బ్రహ్మం అంటే ఏమిటని అడిగినవాడు వారం రోజులు నూతిలో పూడిక తీశాడు. అందుకే తెలివైనవాళ్లు ఆయన్ని అడగడం మానుకున్నారు. తవిటమ్మ మాత్రం అడిగింది.

అడక్క ఏం చేస్తుంది పాపం! కిందటేడు జీడిపిక్కల రోజుల్లో, తెల్లారుతూనే పెరట్లోకి వెళ్లిన ఆమె మొగుడు గున్నయ్య మీద ఎలుగుబంటి పడి ఎడమ భుజం చీల్చేసింది. గాయం మానింది గాని మనిషి గడప దిగడం మానేశాడు. ఏడాదిగా అరుగే అతని లోకం. ఆ రెండెకరాల జీడితోట తప్ప వాళ్లకి ఇంకో ఆధారం లేదు, తవిటమ్మ ఒక్కతే ఎంతని ఏరుతుంది? ఈ ఏడు పిక్కలు దిగేసరికి ఎలుగూ దిగింది. మరిది లోకనాథం పదిమందిని పోగేసి, పనసపండులో నాటుబాంబు పెట్టి ఆమె పెరటి దారిలో వేస్తానన్నాడు. పండు మాత్రం వదిన చెట్టుదే కావాలన్నాడు.

"గురువుగారూ, అన్ని జీవాల్లోనూ ఉన్నది ఒకటేనంటారు కదా. మా మావ బుజం సీల్సీసినదాంట్లో కూడా అదే ఉన్నాదేటి? ఉంటే సెప్పండి. దానికి దండం పెట్టాలా, బాంబు పెట్టాలా?"

గురువుగారు పీచు పక్కన పెట్టాడు. అయిపోయిందిరా నాయనా, నాకూ పని పడింది అనుకుంది తవిటమ్మ.

"ఏది పెట్టాలన్నా ముందు దాని దారి తెలియాలి కదా తల్లీ. రేపు బాగా వెలుగొచ్చాక దాని అడుగులు పట్టుకుని వెళ్లు. ఎక్కడ మొదలయ్యాయో నాకు అక్కర్లేదు. ఎక్కడ ఆగాయో చూసి రా."

మర్నాడు ఆమె కత్తి పట్టుకుని, కొండకీ ఊరికీ నడుమ పారే గెడ్డ దగ్గరికి పోయింది. తడి ఇసుకలో అడుగులు మనిషి పాదాల్లాగే ఉన్నాయి, ముందు పొడుగాటి గోళ్ల గీతలు తప్ప. కొండ వైపు నుంచి గెడ్డ దాటాయి. లోకనాథం తోటలోంచి పక్కచూపైనా చూడకుండా పోయాయి. కంచె సందులోంచి దూరి, నేరుగా తవిటమ్మ పెరట్లోకే వచ్చి, గోడ వెనక జీడిపళ్ల కుప్ప దగ్గర ఆగిపోయాయి.

ఆ కుప్ప ఆమె పోసిందే. పిక్క తీసుకుని పండు పారేయడం ఉద్దానంలో అందరూ చేసే పనే. ఎండకి తాళలేక తవిటమ్మ పళ్లన్నీ ఇంటికి మోసుకొచ్చి, చింత నీడలో కూర్చుని పిక్కలు మెలితిప్పి తీసి, పళ్లు గోడ అవతలికి గిరాటేసేది. కాపురానికొచ్చిన నాటి నుంచీ అంతే. కుప్ప పులిసి కల్లు వాసన కొడుతోంది. నడుమ, ఎవరో కూర్చుని తిని లేచినట్టు ఒక గుంట. అక్కడికి నాలుగడుగుల దూరంలోనే కిందటేడు గున్నయ్య పడిపోయి ఉన్నాడు.

"ఓలమ్మో! పిలిసి పీటేసింది నానే!" అంటూ అక్కడే కూలబడింది. ఆ మాట ఆమె నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఎలుగు చెప్పదు కదా! కాసేపు మూసుకుందామనే అనుకుంది. తర్వాత లేచి, కొంగు బిగించి, తన అరుగు ముందు పోగైన మగాళ్ల దగ్గరికి పోయి, మొగుడి ఎదుటే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పండు కొయ్యను. పది రోజులు దాన్ని ఒగ్గీండి. అప్పటికీ అది గెడ్డ ఇవతలికొస్తే నా సేత్తోనే కోసి ఇస్తాను."

లోకనాథం గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. గున్నయ్య మాత్రం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ పూట నుంచి పెళ్లాంతో ఒక్క మాట లేదు. అన్నం పెడితే తిన్నాడు, అంతే. ఎలుగు వస్తుందన్న భయం కంటే ఆ మౌనమే తవిటమ్మని ఎక్కువ తినేసింది.

కుప్పంతా ఎత్తి, నేల చెక్కి బూడిద చల్లింది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లని బతిమాలి, తిట్టి, వాళ్ల కుప్పలూ ఎత్తించింది. ఆవులు తిన్నన్ని ఆవులకి పోసి, మిగిలినవి పొద్దుండగానే గెడ్డ దాటించి కొండ మొదట్లో పోసి వచ్చేది. తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె పోతుంటే లోకనాథం నవ్వేవాడు.

"ఏటొదినా, ఎలుగుకి సారె మోస్తన్నావా?"

"అవును మరిదీ. పుట్టింట్లోనే ఉండిపొమ్మని!"

మొదటి రెండు రోజులూ ఎలుగు వేకువనే పెరట్లోకి వచ్చింది. బూడిద వాసన చూసి, నేల గీరి, బుస్సుమంటూ పోయింది. కిటికీలోంచి చూసిన తవిటమ్మ, తెల్లారాక మళ్లీ బూడిద చల్లింది. మూడో రోజు కంచె దాకా వచ్చింది. ఆరో రోజు గెడ్డ నడుమ దాకా వచ్చి మళ్లిపోయింది.

పదో రోజు పొద్దున్న మగాళ్లందరూ కర్రలతో, టపాకాయలతో ఇవతలి గట్టు మీద నిలబడ్డారు. అవతల పొదల్లోంచి ఎలుగు వచ్చింది. వీపు మీద రెండు పిల్లలు అతుక్కుని ఉన్నాయి. గెడ్డ అంచున ఆగి, మూతి పైకెత్తి ఊరి గాలి పీల్చింది. లోకనాథం అగ్గిపుల్ల తీశాడు. "ఆగు!" అంది తవిటమ్మ. ఎలుగు ఇంకా పీల్చింది. ఇవతల దానికి పిలుపేమీ లేదు. నింపాదిగా వెనక్కి తిరిగి, కొండ మొదట్లో తన పళ్లేవో తాను తిని, పిల్లల్ని మోసుకుంటూ పైకెక్కి పోయింది.

"గెలిసినాం వదినా!" అని ఎగిరి గంతేసింది ఎవరనుకున్నారు, లోకనాథమే! డప్పు మోగింది. ఈలలు, కేకలు. తవిటమ్మ మాత్రం గట్టు మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. వెనక ఎవరో దగ్గారు. చూస్తే గున్నయ్య. ఏడాది తర్వాత గడప దిగి, తోట దాటి, గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. కుడిచేతిలో తట్ట ఉంది.

"ఎండెక్కిపోతంది," అన్నాడు. "పిక్కలేరుకుందాం, రావే."

ఆ సాయంత్రం, బాంబు పెట్టాల్సిన పనసపండునే కోసుకుని ఇద్దరూ గురువుగారి ఇంటికి వెళ్లారు. ఆయన తొనలు ఒలుచుకుని తింటుంటే తవిటమ్మ ఊరుకోలేకపోయింది.

"దండమా, బాంబా అనడిగినాను. మీరు సెప్పనేలేదు గురువుగారూ."

ఆయన వేళ్లకంటిన జిగురు నూనెతో తుడుచుకుని, పీచు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"పండు తియ్యగా ఉంది తల్లీ. అది సరే గాని, గోడ వెనక కుప్ప ఎత్తేశావు. నీ లోపల ఇంకేమైనా కుప్పలున్నాయేమో చూసుకున్నావా?"