సత్తు పడవకి రెండు కోట్లు

దేవుడు తెలివి పంచుకుంటూ వెళుతుంటే కొల్లేటి వారన పందిరిలంకలో, సరిగ్గా సైదం వారి గుమ్మం ముందు, ఆ బండి బోల్తా పడిందట. ఊళ్ళో వాళ్ళు అన్న మాట కాదిది. సైదం వాళ్ళే చెప్పుకునేవారు. వేరే సాక్ష్యం ఎందుకు?

ఆ ఇంట్లో నలుగురు. పెద్దవాడు నాంచారయ్య, అతని భార్య మంగతాయారు, తమ్ముళ్ళు పెద్దిరాజు, గంగాద్రి. "మనకున్న గుణం ఒక్కటేరా," అనేవాడు నాంచారయ్య తమ్ముళ్ళతో, మీసం సవరించుకుంటూ. "ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. మిగతావాళ్ళు సొంత బుర్ర వాడి చెడిపోతున్నారు."

ఆ ఏడు వానలకి కాలవ మీద చప్టా కొట్టుకుపోయింది. ఊరు ఇవతల, ఆసుపత్రీ బస్సూ బడీ అవతల. పంచాయతీ ప్రెసిడెంటు కనకంరాజు గారు చాటింపు వేయించారు: సోమవారం పొద్దున్నకి ఎవరు మంచి పడవ తెచ్చి రేవులో దించితే, చప్టా మళ్ళీ కట్టేదాకా దాటింపు పని వాళ్ళదే.

నాంచారయ్యకి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ నాన్న నాటి చెక్క పడవ చెదలు తిని మూడేళ్ళయింది. అప్పట్నించీ అన్నదమ్ములు ముగ్గురూ ఊళ్ళో వాళ్ళ చేపల చెరువుల్లో కూలికి పోతున్నారు. సొంత పడవెక్కి తెడ్డు పట్టాలని అతనికి మహా కోరిక. కొత్తది కొనే తాహతు లేదు. పాత ఇనుప సామాన్ల కొట్లో ఒక సత్తు పడవ పడి ఉందని తెలిసింది. వరదల్లో జనాన్ని ఎక్కించిన పడవ. దాన్ని లాగే రెండు చక్రాల ట్రైలరు కూడా ఉంది. పడవకి చిల్లులు, ట్రైలరుకి తుప్పు, టైర్లలో గాలి లేదు. అందుకే చవగ్గా వచ్చింది. మంగతాయారు తన వెండి పట్టీలు తీసిచ్చింది.

కొట్టాయన మంచివాడు. పంపించేటప్పుడు ఊరికే ఉండకుండా, "రోడ్డు బాగాలేదు, కడుపులో చల్ల కదలకుండా తీసుకెళ్ళండి నాయనా," అన్నాడు.

ఇంకేముంది! మంగతాయారు పరుగున వెళ్ళి కొట్టు పక్కింట్లో కుండెడు చల్ల పట్టుకొచ్చింది. కడుపులో చల్ల కదలకూడదంటే ముందు కడుపులో చల్ల ఉండాలి కదా! గంగాద్రి గుక్క తిప్పుకోకుండా అంతా తాగాడు. అతన్ని పడవలో వెల్లకిలా పడుకోబెట్టారు. పెద్దిరాజు పక్కన కూర్చుని అతని పొట్ట మీద చెవి పెట్టాడు. నాంచారయ్య, మంగతాయారు ట్రైలరు లాగుతున్నారు.

"కదిలింది!" అని అరిచాడు పెద్దిరాజు.

ఆగారు. చల్ల సద్దుమణిగే దాకా నిలబడ్డారు. మళ్ళీ పది అడుగులు.

"కదిలింది!"

మళ్ళీ ఆగారు. అరగంట నడక దూరం సాయంత్రం దాకా పట్టింది. చివర్లో చల్ల కదలడం మానేసి పైకే వచ్చేసింది. "మరి పైకి వస్తే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదే," అని నాంచారయ్య బాధపడ్డాడు.

మర్నాడు సుభానీ సాయిబు గారిని పిలుచుకొచ్చారు. చిల్లులు పడ్డ సత్తు గిన్నెలకీ బిందెలకీ మాట్లేసే పనిలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆయనకీ ఈ పడవ కావాలి. కూతురు అవతలి ఊళ్ళో అత్తారింట్లో ఉంది, నెలలు నిండాయి, పుట్టింటికి తెచ్చుకుందామంటే దారి లేదు. పడవ చుట్టూ తిరిగి, తట్టి, వంగి చూశాడు.

"పడవ గట్టిదే. చిన్న పనులన్నీ మీరే చేసుకుంటే చవగ్గా తేలిపోద్ది. వినండి. ముందు ఉప్పుకాగితం పెట్టి బాగా రుద్దండి, తెల్లగా రావాలి. తర్వాత పడవ నిండా నీళ్ళు పొయ్యండి. ఎక్కడ కారితే అక్కడ సున్నంతో గుర్తు పెట్టండి. రేపొచ్చి నేను మాటేస్తాను. టైర్లకి గట్టిగా గాలి కొట్టించండి. ఆఖర్న రంగు రెండు కోట్లు వెయ్యండి. అర్థమైందా?"

"అక్షరం పొల్లుపోదు సాయిబు గారూ," అన్నాడు నాంచారయ్య.

పాపం, ఆ మాట విని సుభానీ సంతోషించాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో మంగతాయారు నాలుగు కిలోల గళ్ళుప్పు తెచ్చింది. పెద్దిరాజు పాత పేపర్ల కట్ట తెచ్చాడు. పేపర్లో ఉప్పు పోసి, పొట్లం కట్టి, పడవని రుద్దడం మొదలెట్టారు. పొట్లం చిరిగింది. ఇంకో పొట్లం. అదీ చిరిగింది.

"తడిపి రుద్దండి, కాగితం మెత్తబడుద్ది," అంది మంగతాయారు. ఆ ఇంట్లో ఆలోచన శాఖ ఆవిడది.

తడిపారు. ఉప్పంతా కరిగి పడవకి పట్టేసింది. ఎండకి ఆరి తెల్లగా పూసింది.

"తెల్లగా వచ్చింది!" అని నలుగురూ గంతులేశారు.

ఉప్పు వాసన తగిలి పక్కింటి మేకలు రెండు వచ్చాయి. పడవని ఈ చివర్నించి ఆ చివరి దాకా శుభ్రంగా నాకాయి. పాత రంగు పెచ్చులన్నీ ఊడొచ్చి లోపలి సత్తు తళతళలాడింది. ఆ రోజు ఆ వాకిట్లో పని తెలిసి చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే ఆ రెండు మేకలే.

తర్వాత నీళ్ళు పోశారు. ఆరు చోట్ల ధారలు కట్టాయి. నాంచారయ్య సున్నం పిడత పట్టుకుని, ఎక్కడెక్కడ నేల మీద నీళ్ళు పడుతున్నాయో చూసి, అక్కడల్లా నేల మీద గుండ్రంగా గుర్తు పెట్టాడు. ఎంత నీటుగా పెట్టాడంటే, ముగ్గు వేసినట్టే ఉంది. తర్వాత ఎండకి పడవ పాడవుతుందని నీళ్ళు పారబోసి, దాన్ని కొట్టం చాటుకి లాగేశారు.

మర్నాడు సుభానీ సంచి భుజానేసుకుని వచ్చాడు. "గుర్తులేవీ?"

"అవిగో," అన్నాడు నాంచారయ్య వాకిలి చూపిస్తూ. "ఆరున్నాయి. మాటెయ్యండి."

సుభానీ నేలని చూశాడు. నాంచారయ్యని చూశాడు. మళ్ళీ నేలని చూశాడు. "నేలకి మాటెయ్యమంటావా?"

"నీళ్ళు పడింది అక్కడేనండి. మీరు చెప్పినట్టే."

"మరి నీ తమ్ముడేడీ, ఆ పెద్దిరాజు?"

"మీరు మాటేస్తానన్నారు కదండీ. మీకెందుకు శ్రమని వాడు తెల్లారకముందే మాటేశాడు." గడ్డిమేటు వెనక నుంచి దుడ్డుకర్ర పట్టుకుని పెద్దిరాజు తల బయటికి పెట్టి, "ఇంతవరకూ ఒక్కడూ రాలేదు సాయిబు గారూ," అని గుసగుసగా చెప్పాడు.

సుభానీ అరుగు మీద కూలబడ్డాడు. "నాకు నోట మాట రావట్లేదు," అన్నాడు.

"వచ్చింది కదండీ ఇప్పుడే," అన్నాడు గంగాద్రి. "నోట మాట రావట్లేదు అని చక్కగా చెప్పారు."

సుభానీ తల విదిల్చి పైకి లేచాడు. "సరే. చిల్లులు నేనే వెతుక్కుంటాను. ఇంటికెళ్ళి మాటు సత్తు పట్టుకొస్తా. ఈలోపు ఆ టైర్లూ రంగూ సంగతి చూడండి. అదన్నా చెయ్యండి."

అంతే. గంగాద్రి లోపల్నించి టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి టైరు ముందు పెట్టి, గట్టిగా అన్నారు కదా అని చివరి నంబరు మీద తిప్పాడు. టైరుకి గాలి జోరుగా కొట్టింది. ఒక టైరుకి గంట, రెండో టైరుకి గంట. మధ్యలో కరెంటు పోతే మంగతాయారు తాటాకు విసనకర్ర తీసుకుంది. చేతులు పడిపోయేలా విసిరింది. టైర్లు మాత్రం నిన్న ఎలా పడుకున్నాయో ఇవాళా అలాగే పడుకుని, హాయిగా గాలి పీల్చుకున్నాయి.

ఇక రంగు. ఇక్కడే నాంచారయ్య గుండె జారింది.

"రెండు కోట్లు," అన్నాడు. "రంగు రెండు కోట్లు వెయ్యమన్నాడు."

పెద్దిరాజు తల పట్టుకుని కూర్చున్నాడు. "అన్నా, ఊరు మొత్తం అమ్మినా రెండు కోట్లు రావు."

"ప్రెసిడెంటు గారిని కలిపి అమ్మినా రావు," అన్నాడు గంగాద్రి.

నాంచారయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. తెడ్డు చేతికొచ్చినట్టే వచ్చి జారిపోతోంది. మళ్ళీ ఎవరి చెరువులోనో వల లాగాలి. పట్టీలు లేని పెళ్ళాం కాళ్ళకేసి చూడలేక తల తిప్పుకున్నాడు.

అప్పుడు మంగతాయారు నవ్వింది. "ఏంటి మావా, అంత తెలివిగలోడివి, ఇంత చిన్నదానికి బెంగపడతావా? కోట్లంటే డబ్బులు కాదు. తొడుక్కునే కోట్లు. నీ పెళ్ళికి కుట్టించారే, అలాంటివి. వాటికి రంగెయ్యమన్నాడు."

ఆ మాటతో ఇంట్లో దీపం వెలిగినట్టయింది. నాంచారయ్య పెట్టె తీసి, మడత నలగకుండా దాచుకున్న పెళ్ళి కోటు బయటికి తీశాడు. ఒకటైంది. రెండోది? బ్యాండు మేళం మేస్త్రీ దగ్గరికి గంగాద్రి పరిగెత్తాడు. జరీ అంచూ ఇత్తడి బొత్తాలూ ఉన్న ఎర్ర కోటు అడిగి తెచ్చాడు. పడవకని తెచ్చిన రంగు డబ్బా మూత తీశారు. నీలం రంగు. పెళ్ళి కోటుకి లోపలా బయటా కొట్టారు. మేళం కోటుకి లోపలా బయటా కొట్టారు. జేబులు కూడా వదల్లేదు. రెండూ తీగ మీద ఆరేశారు. అవి చేతులు చాపుకుని బిర్రబిగుసుకుని అట్టల్లా వేలాడాయి.

సుభానీ తిరిగొచ్చాడు. తీగ మీద కోట్లు చూశాడు. టైరు ముందు ఫ్యాను చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"మీరు నలుగురూ ఆ అరుగు మీద కూర్చోండి. కదలొద్దు. ఏమీ ముట్టుకోవద్దు. నేనేం చెప్పినా చెయ్యొద్దు."

కూర్చున్నారు. ఆదివారం సాయంత్రానికి ఆయనొక్కడే ఆరు చిల్లులకీ మాట్లేశాడు, టైర్లు సైకిలు మీద తీసుకెళ్ళి గాలి కొట్టించుకొచ్చాడు, ట్రైలరు తుప్పు గీకాడు, మిగిలిన రంగు పడవకి పూశాడు. "ఇక లేవండి," అంటే నలుగురూ లేవలేదు. చెప్పింది చెయ్యొద్దన్నాడు కదా. వాళ్ళ మాట మీద వాళ్ళు నిలబడే మనుషులు. ఆకలి ఓర్చుకోలేక మంగతాయారు లేచేదాకా ఒక్కరూ కదల్లేదు.

సోమవారం పొద్దున రేవు నిండా జనం. నీలం పడవ ట్రైలరెక్కి వస్తుంటే అందరూ నోళ్ళు తెరిచారు. నాంచారయ్య ఛాతీ రెండింతలైంది. తెడ్డు పడవలో పెట్టి, తాడు చుట్ట గంగాద్రి భుజానికి తగిలించి, కనకంరాజు గారికి దణ్ణం పెట్టాడు.

ప్రెసిడెంటు గారు పడవని చేత్తో తట్టి చూశారు. "భేష్! బాగుచేశారయ్యా. దాటింపు మీదే. ఊఁ, నీళ్ళలోకి వదిలెయ్యండి."

వదిలేశారు.

ముగ్గురూ ఒక్కసారే చేతులెత్తేశారు. ట్రైలరు గట్టు మీద నుంచి గడగడా దొర్లి కాలవలో మునిగింది. పడవ దాని మీద నుంచి అందంగా జారి, ఒక్క చుక్క లోపలికి రాకుండా తేలి, మంచి వరద మీదున్న నీటితో పాటు కిందికి సాగిపోయింది.

"తాడెయ్యండ్రా, తాడు!" అని అరిచారు కనకంరాజు గారు.

గంగాద్రి భుజం మీద తాడు మొత్తం తీసి ఈ కొసా ఆ కొసా కలిపి గిరాటేశాడు. వెళ్ళి సరిగ్గా పడవ మధ్యలో పడింది. "చూశారా గురి!" అన్నాడు.

ముగ్గురూ పుట్టుకతో ఈతగాళ్ళు. కానీ ఈదమని ఎవరూ చెప్పలేదు. సుభానీకి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చొక్కా విప్పి గట్టు మీద పడేసి దూకాడు. బారలు వేసుకుంటూ పడవ వెనకాలే పోయి మలుపు తిరిగి మాయమయ్యాడు.

కనకంరాజు గారు నుదురు కొట్టుకున్నారు. "ఇంకెక్కడి పడవ! నీళ్ళొదులుకోండి!" అని విసురుగా కాఫీకి ఇంటిదారి పట్టారు.

నాంచారయ్య కాసేపు ఆలోచించాడు. "నీళ్ళొదులుకోమన్నారు. ఏ నీళ్ళు?"

"మనకేం నీళ్ళున్నాయి వదలడానికి?" అన్నాడు పెద్దిరాజు.

"మనకి లేవు, ఆయనకున్నాయి," అంది మంగతాయారు, కాలవ గట్టు పక్కనే ఉన్న ప్రెసిడెంటు గారి చేపల చెరువు చూపిస్తూ. "ఆయన నోటితో ఆయనే చెప్పారంటే ఆయన చెరువు సంగతే అయ్యుంటుంది. పాపం, పెద్దమనిషి. మన పడవ కోసం అంత త్యాగం!"

నాంచారయ్య కళ్ళు చెమర్చాయి. ఇంకేముంది! ముగ్గురూ పలుగులు పట్టుకెళ్ళి తూము పలకలు ఒక్కొక్కటీ పీకేశారు. నీళ్ళు హోరుమని కాలవలోకి దూకాయి. వాటితోపాటు వారంలో పట్టుబడికి సిద్ధంగా ఉన్న చేపలు, రాగండీ బొచ్చే, మోచేతి పొడుగువి, ఎగిరి ఎగిరి దూకాయి. రేవులో జనం పడవ మాట మరిచిపోయారు. లుంగీలు, కండువాలు, బుట్టలు, చివరికి బడి పంతులు గారి గొడుగు, ఏది దొరికితే దాంతో కాలవలో దిగిపోయారు.

అదే సమయానికి మలుపు దగ్గర నీలం పడవ కనిపించింది. కొట్టుకుపోయి కొట్టుకుపోయి కూతురి ఊరి ఒడ్డుకే తగిలిందేమో, సుభానీ తెడ్డు వేస్తున్నాడు. పడవ మధ్యలో ఆయన కూతురు, నిండు చూలాలు, పైట కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఆమె ఒళ్ళో ఒక బొచ్చె చేప ఎగిరి పడింది. ఆ పిల్ల కిలకిలా నవ్వింది.

కనకంరాజు గారు కాఫీ గ్లాసు చేత్తోనే పరిగెత్తుకొచ్చారు. అడుగున బురద తప్ప ఏమీ మిగలని చెరువుని చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. కాఫీ నెత్తిన ఒలికింది. అదీ పట్టించుకోలేదు.

"ఒరే నాంచారయ్యా! నా కొంప ముంచావు కదరా!"

నాంచారయ్య కంగారుపడ్డాడు. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, ప్రెసిడెంటు గారి ఇంటికేసి ఒకసారి, కాలవకేసి ఒకసారి చూశాడు.

"ఇంకా లేదండీ," అన్నాడు. "నీళ్ళు ఇటేపు పోయాయి, మీ కొంప అటేపుంది. ఒక్క గంట టైమివ్వండి."

అప్పటికే పెద్దిరాజు పలుగు భుజానేసుకుని, గండి ఎక్కడ కొడితే నీళ్ళు తిన్నగా ప్రెసిడెంటు గారి వంటింట్లోకి పోతాయో గట్టు మీద అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు.